గుండులో సీసం

అనగనగా అమెరికాలో, దక్షిణ కరొలైనా తీరాన ఒక దీవి. దీవి నిండా పత్తి చేలు. ఆ చేలకు ఒక దొర. చేలల్లో పనిచేసే నల్లవాళ్లంతా ఆ దొర సొత్తు. గొడ్లనూ నాగళ్లనూ రాసుకున్న పుస్తకంలోనే వాళ్ల పేర్లూ రాసుకునేవాడు, పేరు పక్కన ఖరీదు వేసి.

పత్తి తీసే రోజుల్లో పొద్దుగూకాక అందరూ బుట్టలు నెత్తిన పెట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చేవాళ్లు. కొట్టం దూలానికి ఒక కాటా వేలాడేది. పొడుగాటి ఇనప కోల. పొట్టి కొసన కొక్కెం, కొక్కేనికి బుట్ట. పొడుగు కొస నిండా గాట్లు, ఆ గాట్ల మీద అటూ ఇటూ జరిగే ఇనప గుండు. కోల సమంగా నిలిచినప్పుడు గుండు ఏ గాటు మీద ఉంటే అంత తూకం. దివిటీ వెలుగులో ఒక ముసలాయన గుండు జరిపేవాడు. దొర మనిషి గాటు చూసి పైకి చదివేవాడు. కట్టిన లెక్కకు ఎన్ని పౌన్లు తగ్గితే అన్ని కొరడా దెబ్బలు.

ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఆ కాటా మీద లెక్క నిండేది కాదు. ఆ దీవిలో ఒక అవ్వ ఉండేది. పత్తి తీయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. విచ్చిన కాయ అంచులు ఎండితే ముళ్లలా తయారవుతాయి. నలభై ఏళ్లు ఆ ముళ్ల మధ్య వేళ్లు దూర్చి దూది లాగిన చేతులు ఆమెవి. గోళ్ల మూలలు చీలి, మానీ మానక, మళ్లీ చీలి నల్లబడిపోయాయి. బుట్ట నెత్తికెత్తుకోగానే మెడ చెప్పేది ఆమెకు, ఇవాళ లెక్క నిండిందని. నెత్తికి తెలిసిన బరువు కాటాకు ఎందుకు తెలియడం లేదో ఆమెకు అర్థమయ్యేది కాదు.

గుండు జరిపే తాతకు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఒక రాత్రి కొలిమి దగ్గర ఆ గుండుకు బెజ్జం వేసి, లోపల తొలిచి, సీసం కరిగించి పోసింది ఆయనే. దొర పక్కన నిలబడి పోయించాడు. గుండు బరువెక్కితే, ఎంత పత్తి పెట్టినా కోల తక్కువ గాటు దగ్గరే సమంగా నిలిచిపోతుంది. "నోరు విప్పావా, నీ కొడుకును అమ్మేస్తా" అన్నాడు దొర. తాత నోరు విప్పలేదు. రెండేళ్లకు దొర ఆ కొడుకును ఎలాగూ అమ్మేశాడు. అప్పటికి తాతకు మాట్లాడకపోవడం అలవాటైపోయింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఒక ఉదయం సముద్రం మీద ఫిరంగులు మోగాయి. దొర పెట్టెలు సర్దుకుని, పడవెక్కి పారిపోయాడు. ఉత్తరాది సైన్యం దిగింది. దాని వెనకే సర్కారు తరఫున ఒక కుర్ర అధికారి వచ్చాడు. మంచివాడు. పిల్లల కోసం పలకలూ పుస్తకాలూ తెచ్చాడు. అందర్నీ కూడేసి చెప్పాడు: "ఇకమీదట మీకు కొరడా లేదు. తీసిన పత్తికి కూలి ఉంది. ఎన్ని పౌన్లయితే అంత కూలి."

ఆ రోజు దీవిలో ఎవరూ నిద్రపోలేదు. పాడారు, ఆడారు, ఏడ్చారు.

మర్నాడు సాయంత్రం బుట్టలతో వచ్చారు. కొట్టం అదే, దూలం అదే. కాటా అదే, గుండూ అదే. తాత చెయ్యి వణుకుతుంటే అవ్వ చూసింది. కూలి డబ్బులు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టుకుంది. మెడ చెప్పిన లెక్కకు సగం కాస్త దాటింది.

రెండో రోజు అవ్వ బుట్ట తెచ్చి కాటా కింద దించింది గానీ కొక్కేనికి తగిలించలేదు.

"ఏమ్మా, తగిలించవేం?" అన్నాడు అధికారి.

"ముందు ఆ గుండును తూచండి బాబూ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గుండుతో తూస్తారు గానీ గుండును తూస్తారా?

అధికారి నొచ్చుకున్నాడు. "నేను మీ దొరను కానమ్మా. మిమ్మల్ని మోసం చేయడానికి రాలేదు. నీకు తక్కువ వచ్చిందనిపిస్తే ఆ తేడా నేనే ఇస్తాను" అని జేబులోంచి డబ్బులు తీశాడు.

అవ్వ ఆ చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది. "నువ్వు మంచివాడివని తెలుసు బాబూ. నువ్విస్తే అది నీ దయ. రేపు నువ్వు వెళ్లిపోతావు, ఇంకొకడొస్తాడు. వాడికి దయ ఉంటుందో ఉండదో. గుండు మాత్రం ఇక్కడే ఉంటుంది."

ఆ రోజు నుంచి అవ్వ పత్తి తీయడం మానలేదు, తూకానికి పెట్టడమూ చేయలేదు. తీసిన పత్తినంతా గుడిసెలో మూలన పోసింది. కూలి రాలేదు. ఇంట్లో చిలగడదుంపలు అయిపోయాయి. మనవడు ఉప్పుపాయలో దిగి ఆల్చిప్పలు ఏరుకొస్తే ఉడకబెట్టుకు తిన్నారు. వాడు రాత్రిళ్లు ఆకలని ఏడ్చేవాడు. ఇరుగుపొరుగు వచ్చి మందలించారు. "కొరడా పోయింది, అదే పదివేలు. ఎంతో కొంత చేతికొస్తుంది కదా, పిల్లాడి మొహం చూసైనా తీసుకోరాదూ?" అవ్వ పిల్లాడి మొహమే చూసింది. వాడి మెడ మీద కూడా రేపు బుట్ట ఉంటుంది.

వారం తిరిగేసరికి పక్క గుడిసె ఆమె కూడా బుట్ట కింద దించేసింది. తర్వాత ఇంకో ఇద్దరు. అందరూ కాదు.

ఒక రాత్రి తాత అవ్వ గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నాడు. చాలాసేపటికి సీసం సంగతి చెప్పాడు. చెప్పి, తిట్టమన్నట్టు తల వంచుకున్నాడు. అవ్వ తిట్టలేదు. "నీ కొడుకు పేరేమిటి?" అని అడిగింది. ఆ పేరు పైకి పలికి ఆయనకు చాలా ఏళ్లయింది. ఆ రాత్రి పలికాడు.

తెల్లవారాక గుండును కాటా నుంచి ఊడదీసి, ఇద్దరూ సైన్యం సరుకుల డేరాకు మోసుకెళ్లారు. అక్కడ పిండి తూచే త్రాసు ఉంది. ఒక పళ్లెంలో గుండు పెట్టి, రెండో పళ్లెంలో గుండు మీద చెక్కిన బరువుకు సరిపడా రాళ్లు పెట్టారు. గుండు పెట్టిన పళ్లెం ఠక్కున నేలకు తగిలింది.

అధికారి మొహం పాలిపోయింది. "ఇవాళ్టి నుంచి కొత్త గుండు" అన్నాడు.

"ఇవాళ్టి నుంచి కాదు బాబూ. మొదటి రోజు నుంచి" అంది అవ్వ.

అతను చిట్టా ముందేసుకుని మూడు రాత్రులు కూర్చుని అందరి లెక్కలూ తిరగేశాడు. అవ్వ మూల పోసిన పత్తి కొత్త గుండుతో తూగింది. పాత గుండును ఎవరో సముద్రంలో పారేయబోతే అవ్వ మనవడు అడ్డుపడి, దానికి తాడు కట్టి తమ పడవకు లంగరు చేసుకున్నాడు.

కథ ఇంతే. దీని నీతి: కొరడా పోయినంత మాత్రాన తూకం సరికాదు. తప్పు గుండుతో తూచి ఇచ్చినదాన్ని ఎంతో కొంత అని పుచ్చుకున్నవాడి ఇంటి ముందు ఆ గుండే ధర్మకాటా అయి కూర్చుంటుంది. పై నుంచి ఎంత దయగా ఇచ్చినా లోటు లోటే. దయతో పూడ్చిన లోటు దయ అయిపోయిన రోజున మళ్లీ బయటపడుతుంది.

అవ్వనూ తాతనూ నేను కల్పించాను. వాళ్ల పట్టుదల మాత్రం నా కల్పన కాదు. ఆ తీరంలోనే, ఆ యుద్ధం చివరి రెండేళ్లలో, తుపాకులు పట్టుకున్న మనుషులు అవ్వ చేసిన పనే చేశారు.

అమెరికా అంతర్యుద్ధం 1861 ఏప్రిల్‌లో మొదలై 1865 ఏప్రిల్‌లో ముగింపుకొచ్చింది. బానిసత్వం నిలవాలన్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి, ఉత్తరాది వాటితో పోరాడింది. 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలు స్వతంత్రులని చెప్పింది, నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకుంటామనీ చెప్పింది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. వాళ్లలో దాదాపు 40,000 మంది తిరిగి రాలేదు.

అలా తయారైన దళాల్లో మసాచుసెట్స్ 54వ రెజిమెంటు పేరున్నది. మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్ ఊరూరా తిరిగి దానికి మనుషుల్ని చేర్చాడు. తన కొడుకులు ఇద్దరిని అందులోకి పంపాడు. చేరేటప్పుడు వాళ్లకు ఇచ్చిన మాట ఒకటే: తెల్ల సైనికుడికి ఏది ఇస్తే మీకూ అదే. 1863 జూలై 18న చార్లెస్టన్ రేవు దగ్గర వాగ్నర్ కోట మీదికి ఆ రెజిమెంటు ముందు నడిచింది. ఇసుక దిబ్బ మీదుగా చీకట్లో ఎదురెక్కిన దాదాపు 600 మందిలో 270 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా శత్రువు చేతికి చిక్కారు. వాళ్ల కర్నల్, పాతికేళ్ల రాబర్ట్ గూల్డ్ షా, గోడ మీదే కూలిపోయాడు. దక్షిణాది సైన్యం అతన్ని అతని మనుషులతోపాటు ఒకే గోతిలో పూడ్చేసింది.

అంత చేశాక జీతాల రోజు వచ్చింది. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, బట్టల ఖర్చు దానికి అదనం. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోనే బట్టలకు 3 పట్టుకుని చేతికి 7. సార్జెంటు అయినా అంతే. కారణం అడిగితే 1862 నాటి చట్టం చూపించారు. నల్లవాళ్లు కందకాలు తవ్వడానికీ మూటలు మోయడానికీ వస్తారనుకుని రాసిన చట్టం అది. చూడండి, కాటా మారలేదు.

54వ రెజిమెంటు ఆ 7 డాలర్లు ముట్టలేదు. జీతాలిచ్చే అధికారి వచ్చిన ప్రతిసారీ వద్దన్నారు. పహరాలు కాశారు, కందకాలు తవ్వారు, కాల్పుల్లో నిలబడ్డారు, జీతం మాత్రం తీసుకోలేదు. 1863 చివర్లో మసాచుసెట్స్ రాష్ట్రం తేడా సొమ్ము తన ఖజానా నుంచి ఇస్తానంది. మంచి మనసుతోనే అంది. దాన్నీ వద్దన్నారు. తమ చేత పని చేయించుకుంటున్నది దేశం, తూకం సరిచేయాల్సింది దేశం. ఈ చరిత్ర మొత్తంలో నన్ను నిలబెట్టేసిన చోటు ఇదే. అన్యాయాన్ని తిప్పికొట్టినవాళ్లు ఎందరో ఉంటారు. కడుపు కాలుతుండగా దయను మర్యాదగా తిప్పి పంపినవాళ్లు ఎందరుంటారు?

కడుపు కాలడమంటే మాట వరసకు అనడం లేదు. ఉత్తరాది ఊళ్లలో వాళ్ల భార్యాబిడ్డలకు డబ్బు రాని నెలలు గడిచాయి. కొందరు అనాథ సత్రాల పాలయ్యారు. ఆ రెజిమెంటులోని కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ 1863 సెప్టెంబరు 28న నేరుగా లింకన్‌కు ఉత్తరం రాశాడు. మేము సైనికులమా, కూలీలమా అన్నది ఆ ఉత్తరం సారం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఒలస్టీ యుద్ధానికి 54వ రెజిమెంటు మసాచుసెట్స్ పేరునూ నెలకు ఏడు డాలర్లనూ కలిపి నినాదంగా అరుస్తూ ఉరికింది. గూడింగ్ ఆ యుద్ధంలో గాయపడి పట్టుబడ్డాడు. ఆండర్సన్‌విల్ చెరలో 1864 జూలైలో చనిపోయాడు. తన జీతం అతను కళ్ల చూడలేదు.

అతనికన్నా కఠినంగా మూల్యం చెల్లించినవాడు ఇంకొకడున్నాడు. సార్జెంట్ విలియం వాకర్. దక్షిణ కరొలైనా 3వ రెజిమెంటు, మన కథలోని దీవి లాంటి దీవుల నుంచి చేరిన మనుషుల దళం. 1863 నవంబరులో హిల్టన్ హెడ్ దీవిలో వాకర్ తన వాళ్లను నడిపించుకొచ్చి కెప్టెన్ డేరా ముందు తుపాకులు పోగుపెట్టించాడు. సమాన జీతం ఇవ్వని సర్కారుకు ఇక పనిచేయమన్నాడు. సైనిక న్యాయస్థానం దాన్ని తిరుగుబాటు అంది. 1864 ఫిబ్రవరి 29న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో సొంత సైన్యమే అతన్ని కాల్చి చంపింది. అవ్వ కథలో అధికారి మంచివాడు కాబట్టి ప్రాణాలు పోలేదు. నిజం కథంత దయగా ఉండలేదు.

చివరికి 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ కదిలింది. జీతాలు సమానం చేసింది. కానీ అక్కడా గుండులో సీసం మిగిల్చింది. 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులుగా ఉన్నవాళ్లకే చేరిన రోజు నుంచి బకాయి, ఆనాటికి బానిసలుగా ఉన్నవాళ్లకు 1864 జనవరి నుంచే. ఒకే కందకంలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి మళ్లీ రెండు తూకాలు. 54వ రెజిమెంటులో పారిపోయి వచ్చిన బానిసలు కొందరున్నారు. షా తర్వాత కర్నల్ అయిన ఎడ్వర్డ్ హాలోవెల్ ఒక ప్రమాణం రాయించాడు. ఫలానా తేదీకి నీ చేత కూలి ఇవ్వకుండా పని చేయించుకునే హక్కు ఎవరికీ లేదని ప్రమాణం చేస్తావా? ఏ మనిషినైనా ఇలా అడిగితే ఏం చెబుతాడు? దేవుడి ముందు ఎవడూ ఎవడి సొత్తూ కాదు. దక్షిణాది చట్టం ఏమైనా అనుకోనీ, పుట్టుకతో బానిస అయినవాడు కూడా చెయ్యెత్తి అబద్ధం ఆడకుండా ప్రమాణం చేశాడు. ఆ సెప్టెంబరు చివర్లో, చేరిన పద్దెనిమిది నెలలకు, మొత్తం జీతం వచ్చింది. సమాన జీతం మాట మీద దక్షిణ కరొలైనా దళాల్లో చేరిన మాజీ బానిసలకు 1865 మార్చిలో ఇంకో చట్టం చేశాక గానీ చేరిన రోజు నుంచి లెక్క కట్టలేదు. అప్పటికి వాకర్ పోయి ఏడాది దాటింది.

మన పత్తి రైతుకు ఈ కథ కొత్తగా విడమరచి చెప్పనక్కర్లేదు. కాటా దగ్గర నిలబడి, తన చేనులో పండినదానికీ చీటీలో రాసినదానికీ తేడా చూసి గొంతులో మాట ఆగిపోయిన అనుభవం అతనిది. ఆ యుద్ధానికీ మన పత్తికీ నిజమైన లంకె కూడా ఉంది. అమెరికా రేవులు మూతపడి ఇంగ్లండు మిల్లులకు దూది అందకపోవడంతో ఆ నాలుగేళ్లూ మన దేశపు పత్తికి గిరాకీ లేచింది. కాకినాడ రేవు పేరుతోనే మన ప్రాంతపు పత్తి రకం ఒకటి విదేశీ సంతల్లో చలామణీ అయింది. 1865లో యుద్ధం ఆగగానే ధర పడిపోయి బొంబాయి వర్తకులు ఎందరో దివాలా తీశారు. అక్కడ బానిస చెయ్యి ఆగిపోతే ఇక్కడ మన చేలల్లో లెక్కలు తారుమారయ్యాయి. ప్రపంచపు పత్తి అంతా ఒకే కాటాకు వేలాడుతోందని అప్పుడే తెలిసింది.

యుద్ధం చివరి నెలల్లో దీవుల మనుషులకు ఇంకో మాట ఇచ్చారు. 1865 జనవరి 12న సవానా పట్టణంలో జనరల్ షెర్మన్ ఇరవైమంది నల్ల మతబోధకులను పిలిపించి మీకేం కావాలని అడిగాడు. వాళ్ల తరఫున మాట్లాడింది 67 ఏళ్ల గారిసన్ ఫ్రేజియర్. తననూ తన భార్యనూ వెయ్యి డాలర్ల వెండి బంగారాలు పోసి తానే కొనుక్కున్న మనిషి. భూమి కావాలి, మా చెమటతో దున్నుకుంటాం అన్నాడు. నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది: చార్లెస్టన్ నుంచి దక్షిణంగా తీరపు దీవులన్నీ వాళ్లకే, కుటుంబానికి 40 ఎకరాల దాకా. దాదాపు 40,000 మంది ఆ నేలల్లో కుదురుకున్నారు. ఏప్రిల్ 9న అపొమటాక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. 15న లింకన్ ప్రాణం పోయింది. డిసెంబరులో 13వ సవరణ రాజ్యాంగంలో చేరి దేశమంతటా బానిసత్వం రద్దయింది. ఆ సవరణకు ముందే, ఆ శరదృతువులోనే, కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దీవుల భూములు పాత దొరలకు తిరిగి ఇచ్చేయమన్నాడు.

ఆ మాట చెప్పడానికి అక్టోబరులో జనరల్ హొవార్డ్ ఎడిస్టో దీవికి వెళ్లాడు. యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న సజ్జనుడు. పాత యజమానులను క్షమించండి, వాళ్లతో రాజీపడండి అని చర్చిలో నిండిన జనానికి చెప్పాడు. వాళ్లు ముగ్గురితో ఒక కమిటీ వేసుకుని బదులు రాశారు. మీకు పోయింది చెయ్యి, మీరు క్షమించగలరేమో అన్నారు. నన్ను చెట్టుకు కట్టి 39 దెబ్బలు కొట్టినవాడు, నా తల్లినీ చెల్లినీ కొట్టినవాడు, ఇప్పుడు తన చేలో పనిచేసి తను చెప్పిన ధరకు సరిపెట్టుకుంటే తప్ప ఖాళీ గుడిసెలో తలదాచుకోనివ్వనివాడు, వాణ్ని క్షమించడం నా వల్ల కాదు అని ఆ ఉత్తరం భావం. ఆ ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. భూములు మాత్రం దొరలకే వెళ్లాయి.

బడుల్లో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. లింకన్ గురించి చెప్పండి, తప్పక చెప్పండి. ఆ తర్వాత బోర్డు మీద 13, 7 అని రెండు అంకెలు వేసి, ఆ 7 వద్దని పద్దెనిమిది నెలలు ఖాళీ జేబులతో యుద్ధం చేసినవాళ్ల గురించి కూడా పిల్లలకు చెప్పండి.